ఠాణా వాకిట్లో పసుపు

ఠాణా గుమ్మం తొక్కకుండా బతుకు వెళ్లదీయడం మా ఆర్మూరు వైపు పెద్ద మర్యాద. "మా ఇంట్ల ఎవ్వలు ఠాణా మెట్లెక్కలే" అని పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు కూడా గొప్పగా చెప్పుకుంటారు. లారీకెత్తిన పసుపు దారిలో మాయమైతే మా దగ్గరి వ్యాపారులు చేసే పని ఒక్కటే. తలుపులేసుకుని కూర్చుంటారు, బండి మాట్లాడిన బ్రోకరును తిట్టిపోస్తారు, ఎంతో కొంతకు తెంపుకుని నోరు కుట్టేసుకుంటారు. సంగతి బయటపడితే రేపు తమను నమ్మి ఎవరూ సరుకివ్వరని వాళ్ల భయం. దొంగకు ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? నాకైతే మొదటి నుంచీ నోరు ఆగదు. మా అత్త బతికున్నన్ని రోజులూ "దీని నోట్లె నువ్వుగింజ నానది" అంటూనే ఉండేది.

మాది ఆలూర్ దారిలో ఉన్న వాడకట్టు. మగవాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు, ఆడవాళ్లు చాలామంది బీడీల చాట ముందర కూర్చుంటారు. నా యారాలు, అంటే మా మరిది భార్య, కూడా బీడీలు చేసే మనిషే. మరిది మస్కట్‌లో డ్రైవరు. తల వంచి వంచి మెడ పట్టేసిందో, ఆకు కత్తిరించీ కత్తిరించీ విసుగొచ్చిందో గానీ, ఉన్నట్టుండి పటేలు దగ్గర కొంచెం భూమి కౌలుకు పట్టి పసుపు పెట్టింది. "నీకెందుకే గీ కష్టం?" అని అందరం అన్నాం. ఆమె వినలేదు. పొద్దున లేవగానే చేనికి పోయేది. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఆ చేను ముచ్చటే. "అక్కా, ఇయ్యాల ఆకు మంచిగ లేసింది" అని చెప్తుంటే ఆమె ముఖం చూడాలి. పెళ్లయిన కొత్తలో కూడా నేను ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు, నిజం చెప్తున్నాను.

పంట బాగా వచ్చింది. పటేలు మాత్రం ముందే తేల్చి చెప్పాడు: "ఉగాదికి వచ్చే ఏడు కౌలు నా చేతుల వెట్టాలె. లేకుంటే ఏరేటోళ్లు అడుగుతున్నరు, వాళ్లకిస్త." ఆయన మాట మీద నిలబడే మనిషి. అదే మా భయం కూడా.

ఎప్పటిలా నిజామాబాద్ యార్డుకు పోయి, కొమ్ములు ఎండలో పోసుకుని, ఎవరో వచ్చి రేటు చెప్పేదాకా ఎదురుచూడడం ఈసారి వద్దనుకున్నాం. మహారాష్ట్రలోని సాంగ్లీలో పసుపు పొడి ఆడించే మిల్లు ఒకటి నేరుగా కొంటామంది. మా వాడకట్టు ఆడవాళ్లందరం కలిసి ఒక లారీ నింపుదామని తీర్మానించుకున్నాం. నోరున్నదాన్ని కాబట్టి నన్ను పెద్దను చేశారు. మా ఆయన "నీ ఇష్టం" అని మోటారు వేయడానికి పోయాడు. ఆయన ఏ సంగతికైనా అంతే అంటాడు.

సంచుల మూతులు కుట్టడానికి సుతిలి తాడు చాలలేదు. అప్పుడు మా యారాలు బీడీలు కట్టే గులాబీరంగు దారం తెచ్చి, నాలుగైదు పేటలు కలిపి దబ్బనంతో కుట్టడం మొదలుపెట్టింది. బీడీ దారంతో సంచి కుడతావా అని నేను నవ్వాను. "గట్టిగనే ఉన్నది తియ్యక్కా" అని అన్ని సంచులూ అట్లాగే కుట్టేసింది.

బండి మాట్లాడింది బైపాస్ దగ్గర లారీల ఆఫీసు నడిపే చాచా. ఆయన ఆర్మూరులో పుట్టి పెరిగినవాడు, మాట మీద బతికే మనిషి. మా మామ కాలం నుంచీ ఆయన పంపిన బండ్లే. ఈసారి కొత్త బండి దొరికింది, కాగితాలన్నీ ఫోన్లో వచ్చాయి, చాచా చూసి సరేనన్నాడు. డ్రైవరు హిందీ మాట్లాడే మనిషి, మెడలో రుమాలు. మేం పెట్టిన అన్నం తిని, "మాజీ, ఆశీర్వాద్ దీజియే" అని వంగి నా కాళ్లు మొక్కాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది. వాడి మొక్కు మన్నుగాను!

ఇక్కడ మేం చేసిన ఘనకార్యం ఒకటుంది. మా వైపు సరుకు మొదటిసారి గడప దాటుతుంటే బండికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. మామూలుగా ఇంటి పెద్దావిడ ఒకతే పెడుతుంది. ఇది ఆడవాళ్లందరి లారీ కదా, అందరికీ పెట్టాలనిపించింది. పసుపుకు మాకేం కరువా? గిన్నెల కొద్దీ నూనెలో కలుపుకొచ్చి, ఒకరి తర్వాత ఒకరు లారీ ముఖానికి పట్టించారు. బంపరు నిండింది, అద్దం కింద నిండింది, చివరికి వచ్చినవాళ్లకు చోటు లేక నంబరు ప్లేటు మీద మెత్తారు. ఆ మెత్తుడు చూసి చప్పట్లు కొట్టినదాన్ని నేనే. తర్వాత అందరం ఫొటోలు దిగాం.

రావలసిన రోజుకు లారీ సాంగ్లీ చేరలేదు. మర్నాడూ చేరలేదు. డ్రైవరు ఫోను బందయింది. చాచా ముందు "బండి ఖరాబై ఉంటది బేటీ, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ తర్వాత మా యారాలిని వెంటబెట్టుకుని నేను ఆఫీసుకు పోయేసరికి నా ముఖం చూడలేక గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. మా యారాలు అక్కడే బెంచీ మీద కూలబడి, "అక్కా, నా భూమి పోయె" అంది. పసుపు పోయె అనలేదు, భూమి పోయె అంది. ఉగాది ఎంతో దూరంలో లేదు.

"ఠాణాకు పోదాం, లే" అన్నాను.

చాచా గబుక్కున లేచాడు. "వద్దు బేటీ, నీకు దండం వెడ్త. నా ఇజ్జత్ పోతది. పెద్దమనుషుల్ల కూసుండి మాట్లాడుకుందం. నాకు చేతనైంది నేనిస్త."

"చాచా, నువ్వు దొంగవా?"

"తౌబా తౌబా! గదేం మాట?"

"దొంగవు కానప్పుడు నువ్వెందుకు కట్టాలె? దొంగోడు ఆరాంగ తిరుగుతుంటె మనలో మనం చందాలేసుకుందమా?" అని అరిచాను. బజారంతా తిరిగి చూసింది. చూడనీ అనుకున్నాను.

మా వెంట వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు గానీ ఠాణా గేటు దగ్గరే ఆగిపోయారు. నేనూ, మా యారాలూ లోపలికి పోయాం. ఎస్సై చిన్న వయసువాడే, మర్యాదగానే కూర్చోమన్నాడు.

"బండి నంబర్ చెప్పమ్మా."

కాగితాల్లో ఉన్న నంబరు చెప్పాను. ఆయన ఫోన్లో కొట్టి చూసి తలెత్తాడు. "గిది స్కూటర్ నంబరమ్మా. కాగితాలు దొంగయి. బండి మీద అసలు నంబరేముండె? ఫొటోలున్నయా?"

"మస్తున్నయి సార్!" అని గేటు దగ్గరున్నవాళ్లందరినీ కేకేసి పిలిచాను. ఫోన్లన్నీ ఆయన బల్ల మీదకు వచ్చాయి. ఆయన ఒక్కొక్కటి తీసి చూడడం, పక్కన పెట్టడం, ఇంకొకటి తీయడం. అన్ని ఫొటోల్లోనూ మేం పళ్లికిలించి నవ్వుతున్నాం. నంబరు ఒక్కదాంట్లోనూ లేదు, పసుపు ముద్దే ఉంది. ఎస్సై చివరికి తలపట్టుకున్నాడు.

"లారీకి బోనమెత్తిండ్రా ఏందమ్మా?"

పక్కనున్న ఆడ కానిస్టేబులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. ఎస్సై నవ్వలేదు గానీ, ఇంకో మాటన్నాడు. సరుకు ఎక్కడ మాయమైందో తెలియదు కదా, దారిలోనా, సాంగ్లీలోనా అన్నది తేలాలి కదా, పోయినచోటి ఠాణాలో ఇవ్వడమే మంచిదేమో అన్నాడు. అంతే, నా సిగ్గు ఎటు పోయిందో పోయింది.

"సార్, జర ఇనుండ్రి. దొంగ కాగితాలు సూపెట్టింది ఆర్మూరుల. మేం నమ్మింది ఆర్మూరుల. సరుకు ఎక్కించుకున్నది, నా కాళ్లు మొక్కింది గీడనే. మోసం గీడ అయినంక నేను ఊరూరు దిరిగి ఏ ఠాణాల ఏడ్వాలె?"

ఎస్సై పెన్ను తీశాడు. "అమ్మ అన్నది కరెక్టే. మోసం గీన్నే అయింది, గీన్నే రాద్దాం" అన్నాడు. కానిస్టేబులు కాగితాలు తెచ్చి, "అక్కా, నీళ్లు తాగుతవా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చింది. తిట్టినా ఆగేదాన్నేమో, నీళ్లివ్వబోతే ఆగలేకపోయాను.

కేసు రాసుకున్నారని తెలియగానే బజారు పెద్దమనుషులు ఇంటికొచ్చారు. కేసు వెనక్కి తీసుకోమన్నారు, ఊరి పేరు పోతుందన్నారు, పోలీసోళ్లకు దొరికేది లేదు పెట్టేది లేదన్నారు. తలా కొంత వేసి మాకు సగం ఇప్పిస్తామన్నారు. సగం అనేసరికి మా వాళ్లలో కొందరు మెత్తబడ్డారు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి ఇల్లు వాళ్లకుంది. అప్పుడే మస్కట్ నుంచి మరిది ఫోను. "ఇచ్చింది తీస్కో. భూమి ముచ్చట ఇడ్శిపెట్టు. ఇంట్ల కూసుండి బీడీలు చెయ్" అన్నాడు. స్పీకరులో అందరం విన్నాం.

మా యారాలు కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమెది నా అంత పెద్ద గొంతు కాదు. "నేను కేసు ఎన్కకు తీసుకోను" అంది పెద్దమనుషుల వైపు చూసి. "సగం ఇస్తే సగం భూమి దున్నుతనా? నా పసుపు నాకు గావాలె."

ఆ రోజు మా యారాలిని గట్టిగా పట్టుకున్నాను. గర్వంగా ఉండింది నాకు, చెప్పొద్దూ.

బండి ఏ దారిన పోయిందో తెలిస్తే చాలు, మిగిలింది తాము చూసుకుంటామని ఎస్సై అన్నాడు. సాంగ్లీ దారిలో ఉన్న టోల్ గేట్ల కెమెరాలు చూస్తే ఏమీ దొరకలేదట. మేం ఇద్దరం ఆటో మాట్లాడుకుని హైవే మీద పడ్డాం. డాబా, టైర్ల దుకాణం, చాయ్ బండి, ఏదీ వదల్లేదు. పెద్దగా ఆశ లేకుండానే అవతలి దిక్కుకు, పోచంపాడ్ వైపు కూడా పోయాం. సాంగ్లీ పోవలసిన బండికి నిర్మల్ దారిలో ఏం పని అని ఆటో ఆయన కూడా సణిగాడు. అక్కడ చేపలు వేయించి అమ్మే ఒకావిడ మా మాట పూర్తిగా వినకుండానే నవ్వడం మొదలుపెట్టింది.

"ఓ యమ్మో, గా పసుపు మొకం బండా? గీడనే ఆగింది. గాయన చేప తిన్నడు, ఇగ సీసల నీళ్లు వోసి నంబరు కడుగుడే కడుగుడు. అది వోతదా? ఇంకింత పచ్చవడ్డది. పెండ్లికి వోతున్నదా బండి అని నేను అడిగితే గుర్రుమన్నడు."

"ఎటు వోయిందవ్వా?"

"గిట్ల నిర్మల్ దిక్కు."

నేను ఆవిడను కావలించుకున్నాను. చేపల జిడ్డంతా నా చీరకంటింది.

తర్వాతి కథ ఎస్సై మాకు చెప్పిందే. నిర్మల్ దారిలో టోల్ గేటు కెమెరాలో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదట. వందల లారీల్లో పసుపు ముఖం పెట్టుకుని వచ్చింది ఒక్కటే. నంబరు కనబడకపోయినా అద్దానికి అంటించిన ఫాస్టాగ్ పైసలు కట్టింది కదా, దాని వెంట పోతే అసలు నంబరూ, యజమానీ, ఊరూ అన్నీ దొరికాయి. మేం శుభ్రంగా పూజ చేసి ఉంటే వాడు మామూలు లారీల్లో మామూలు లారీగా పోయేవాడని ఆయన అన్నాడు. "అట్లని మళ్ల ప్లేటుకు రాయకుండ్రి" అని కూడా అన్నాడు.

మహారాష్ట్ర సరిహద్దు అవతల ఒక గోదాములో బండి దొరికింది. అక్కడ ఇంకెవరెవరివో సంచులు కూడా గుట్టలుగా ఉన్నాయట. కానిస్టేబులు వీడియో కాల్ చేసి, "అక్కా, మీయి ఏవి? అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి" అంది.

మా యారాలు ఫోను లాక్కుంది. "మూతి సూడు చెల్లె. గులాబీ దారం, బీడీలది."

అవతల సంచులు జరుపుతున్న చప్పుడు. తర్వాత, "దొరికినయక్కా" అంది. మా వాడకట్టంతా కేకలు.

అయితే ఆనందం పూర్తిగా తీరకముందే ఇంకో చిక్కు. గోదాము పైకప్పు కారి, అకాల వానకు సంచులు తడిశాయి. సరుకును మా ఆర్మూరు ఠాణాకే తెచ్చారు గానీ, పట్టుబడ్డ సరుకు కోర్టు చెప్పేదాకా అక్కడే ఉండాలి, మాకు ఇవ్వడానికి లేదు. తడిసిన పసుపు సంచిలో ఉంటే ఏమవుతుంది? బూజు పడుతుంది, రంగు చస్తుంది. కళ్లెదురుగానే ఉన్నా కుళ్లిపోయేలా ఉంది. ఉగాది ఆ వారంలోనే. నేను మళ్లీ ఎస్సై బల్ల ముందు నిలబడ్డాను. ఈసారి అరవలేదు, అరిచే ఓపిక కూడా లేదు.

"సార్, ఇంటికి కొంచవోము. గీ వాకిట్లనే ఎండవోసుకుంటం. మీరే కావలుండుండ్రి."

ఆయన బయటికొచ్చి వాకిలి చూశాడు, ఎండ చూశాడు, పట్టుబడ్డ మోటారు సైకిళ్ల గుంపు చూశాడు. పైవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాడు. సంచులు లెక్క రాసి, ఫొటోలు తీసి, సరుకు గేటు దాటకూడదని గట్టిగా చెప్పి ఒప్పుకున్నాడు. మోటారు సైకిళ్లు ఒక పక్కకు జరిగాయి. మొదట గేటు దగ్గరే ఆగిపోయిన మా ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని లోపలికొచ్చి ఆ వాకిలి ఊడ్చారు. టార్పాలిన్లు పరిచి కొమ్ములు పోశారు. మధ్యాహ్నానికి ఆ వాకిలి పూర్తిగా పచ్చబడింది. కానిస్టేబుల్ డ్యూటీ లేనప్పుడు మాతో పాటు కూర్చుని కొమ్ములు తిరగేసేది. ఎస్సై మాత్రం గోడ పక్కనుంచి జాగ్రత్తగా అడుగులేస్తూ తన గదిలోకి పోయేవాడు.

రెండో రోజో మూడో రోజో చాచా వచ్చాడు. తెల్లటి లాల్చీ, అత్తరు. పండక్కి వచ్చినంత శుభ్రంగా వచ్చి, కాగితాలు అసలువో కాదో ఆరా తీయకుండా బండి పెట్టింది తానేనని వాంగ్మూలం రాసిచ్చాడు. పోతూ పోతూ నా పక్కన నిలబడి, "బేటీ, నా ఇజ్జత్ పోతదనుకున్న. బయటికొస్తుంటె పాణం నిమ్మళమైంది" అన్నాడు. ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే దిగిపోయింది. ఆయన వెనకే బజారు పెద్దమనుషుల్లో ఒకాయన, కేసు వెనక్కి తీసుకోమని మా ఇంటికొచ్చినాయనే, గోడవారగా నక్కుతూ లోపలికి పోయాడు. ఆయనదీ ఒక లోడు ఇట్లాగే పోయిందట, ఇంట్లో కూడా చెప్పలేదట. గోదాములో ఉన్న సంచులేమైనా తనవేమోనని అడగడానికొచ్చాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఏదో ఒకటి అనాలని నా నాలుక దురద పుట్టింది గానీ ఊరుకున్నాను. నేను ఊరుకున్న సందర్భాలు తక్కువ, అందుకే గుర్తుంది.

ఉగాది ముందు రోజు పటేలు వచ్చాడు. గేటు బయటే చెప్పులు విడిచి, గుడికొచ్చిన మనిషిలా లోపలికి అడుగు పెట్టాడు. ఆయన కూడా ఎన్నడూ ఠాణా గడప తొక్కినవాడు కాదు. మా యారాలు ఆయనను చూడగానే లేచి నిలబడింది. పసుపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో దాచుకుంది. భూమి వేరేవాళ్లకిచ్చానని చెప్పడానికే వచ్చాడని నాకనిపించింది. దానికీ అదే అనిపించి ఉంటుంది.

"పటేలా, కోర్టు ఇడ్శిపెట్టంగనే..." అని మొదలుపెట్టింది.

ఆయన వంగి ఒక కొమ్ము తీసుకుని విరిచాడు. టక్కుమంది. విరిగినచోట ఎండకు పట్టి చూశాడు. ఇంకో చోట, ఇంకో చోట కూడా తీసి విరిచి చూశాడు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి. కిటికీలోంచి ఎస్సై కూడా చూస్తున్నాడు.

"రంగు వోలే" అన్నాడు పటేలు. "పోలీసోళ్ల వాకిట్ల ఎండవెడుతున్నవని ఊరంత చెప్పుకుంటున్నరు. నేను నమ్మలే, సూద్దామని వచ్చిన." కొమ్ము ముక్కలు దాని చేతిలో పెట్టాడు. "మిరుగం కార్తె నాటికి ఇత్తనం తయారు జేసి పెట్టుకో. కౌలు, గా కోర్టోళ్లు ఇడ్శినంక ఇయ్యి. గింత కొట్లాడినదానివి, నా పైసలు ఎగ్గొడ్తవా?"

అని గేటు దగ్గరికి పోయి చెప్పులేసుకున్నాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మా యారాలు నిలబడ్డచోటే నిలబడింది. నేను భుజం తట్టబోతే వద్దంది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోను తీసి మస్కట్‌కు కలిపింది.

"యాడున్నవ్?" అన్నాడు మరిది.

"ఠాణాల ఉన్న."

"ఠాణాలనా? ఏమైందే?" అని ఆయన అవతల గాభరాపడుతున్నాడు.

"ఏం గాలే. పసుపు ఎండవోసిన" అంది. "ఇగ ఇను. గీ ఏడు గూడ భూమి నేనే జేస్త."